తల ఊపుడుకూ రాసుడుకూ నడుమ

హాజిరాకు కుదురుగ కూసునుడు చేతగాదు. పుట్టినప్పటి సంది గంతే అంటది వాళ్ళమ్మ మలికా. అన్నం తినేటప్పుడు గూడ ఒక కాలు ఊగుతనే ఉంటది. పెన్ను చేతికిస్తే మూత నమిలి నమిలి పిప్పి చేస్తది. సత్తుపల్లి బస్టాండు ఎనక, టైర్ల షాపు మీద, వెంకటరామారావు కంప్యూటర్ దుకాణం ఉండేది. అండ్ల ఆమె కుర్చీ ఎప్పుడు చూసినా ఖాళీనే. మనిషి మాత్రం వరండాల ఆ కొస నుంచి ఈ కొస దాక, చేతుల మడతలు మడతలుగ వేలాడే ప్రింటరు కాయితం పట్టుకొని కాలుగాలిన పిల్లి లెక్క తిరిగేది. ఇరవై నాలుగేండ్ల పిల్ల, ఖమ్మంల డిప్లొమా చదివింది. కింద టైర్లకు పంచర్లు వేసేటోళ్ళు "మీద మల్ల మొదలైందిరో" అని నవ్వుకునేటోళ్ళు.

పంతొమ్మిది వందల తొంభై ఎనిమిది, శ్రావణం. ఆ వారం మాత్రం ఆమె తిరుగుడు చూస్తే ఎవ్వలకు నవ్వు రాలే. శుక్రవారం నాడు దమ్మపేట రోడ్డు మీది సబ్‌స్టేషన్ల ఆమె తయారు చేసిన మెషిన్ మొదలుపెట్టాలె. ఖమ్మం నుంచి పెద్ద ఇంజనీరు వస్తున్నడు. ఆ మెషిన్ ఒక అబద్ధం చెప్పింది. పదకొండు రోజులల్ల ఒక్కటంటే ఒక్కటే అబద్ధం. చూసింది ఆమె ఒక్కతే.

ఈ సంగతి అర్థం గావాల్నంటే ముందు ఎల్సీ అంటే ఏందో చెప్పాలె. పోలు ఎక్కి తీగ ముట్టుకునే లైన్‌మెన్, ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కు పోయి "ఫలానా లైను బంద్ చెయ్యి, నేను ఎక్కుతున్న" అని రాయించుకుంటడు. అదే లైన్ క్లియర్. అందరి నోట్ల ఎల్సీ. ఆపరేటర్ పుస్తకంల పేరు రాస్తడు, కరెంటు తీస్తడు, చీటీ ఇస్తడు. ఒకే లైను మీద ముగ్గురు ఎక్కితే మూడు చీటీలు. ఇద్దరు దిగొచ్చి తిరిగిచ్చినా సరే, మూడో చీటీ వచ్చేదాక స్విచ్ మీద చెయ్యి పడొద్దు. పెనుబల్లి నుంచి దమ్మపేట దాక, అటెన్క అడివి దాక, ఎంతమంది ప్రాణాలు ఆ ఒక్క పుస్తకం మీద నిలబడ్డయో లెక్కలేదు.

ఆ పుస్తకం ముప్పై ఏండ్లు రాసింది ఎవరనుకున్నరు? హాజిరా వాళ్ళ నాయిన మహబూబ్ అలీయే. అదే సబ్‌స్టేషన్ల ఆపరేటర్. రిటైరై రెండేండ్లు. సన్నగ, పొడుగ్గ, ఇస్త్రీ మడత నలగని మనిషి. ఆయన కాడ రెండు వింత అలవాట్లు ఉండె, ఊరంతటికీ ఎరికే.

ఒకటి, రాసుకోకుండ తల ఊపడు. మలికా "వచ్చేటప్పుడు ఉప్పు పట్టుకరండి" అంటే, ముందు జేబుల కెళ్ళి చిన్న పుస్తకం తీసి 'ఉప్పు' అని రాసి, పుస్తకం జేబుల పెట్టి, అప్పుడు తల ఊపుతడు. పెండ్లి చూపులల్ల మలికా వాళ్ళ అన్న "మా చెల్లె మీకు నచ్చిందా" అనడిగితే గూడ గట్లనే రాసుకున్నడేమోనని చుట్టాలు ఎగతాళి చేసేటోళ్ళు. మలికా మాత్రం "అప్పుడు గట్ల లేడు, తర్వాతనే గిట్లయిండు" అనేది.

రెండోది, ఫోను ఎత్తడు. చచ్చినా ఎత్తడు, డ్యూటీల గూడ పక్కోనితోనే ఎత్తించేటోడు. ఊర్లె అందరి ఇండ్లల్లకు ఫోన్లు వచ్చినా ఈయన పెట్టించలే. పక్కింట్ల ఫోను మోగితే చాలు, చేస్తున్న పని ఆపి బయటికి పోయి నిలబడతడు. "ఏంది అబ్బా, ఫోను కరుస్తదా?" అని హాజిరా నాయినను చిన్నప్పటి సంది ఎన్నిసార్లు అడిగిందో. ఆయన మాట మార్చేటోడు.

ఊరందరికీ ఎరికైన ఇంకో సంగతి బద్యా చెయ్యి. పంతొమ్మిది వందల ఎనభై ఒకటి వానకాలంల, దమ్మపేట లైను మీద చెంచురామయ్య అనే లైన్‌మెన్ ఎల్సీ తీసుకొని పోలెక్కిండు. పని చేసుకొని, దిగొచ్చి, చీటీ తిరిగిచ్చిండు. పుస్తకంల లెక్క సున్నా. మహబూబ్ అలీ స్విచ్ వేసిండు. అదే లైను మీద ఇంకో పోలు కాడ బద్యా ఉన్నడు. లైన్‌మెన్ల కింద హెల్పరు, ఇరవై రెండేండ్ల లంబాడ పిలగాడు, పెండ్లయి ఏడాది గూడ కాలే. ఖమ్మం దవాఖానాల కుడి చెయ్యి భుజం కాడికి తీసేసిన్రు. విచారణ జరిగింది. బద్యా ఎల్సీ లేకుండ పోలెక్కిండు, తప్పు అతనిదే అని రాసి, దయతల్చి అదే సబ్‌స్టేషన్ల అటెండరు కొలువిచ్చిన్రు. అటెన్క మహబూబ్ అలీ రిటైరయ్యేదాక పదిహేనేండ్లు ఎడమ చేత్తోని చాయ్ గ్లాసు తెచ్చి ఆయన టేబుల్ మీద పెడుతనే ఉన్నడు.

హాజిరాకు అప్పుడు ఏడేండ్లు. చిన్నప్పుడు బద్యా అంగీ ఖాళీ చెయ్యి గాలికి ఊగుడు చూసి భయపడేది. పెద్దయినంక, ఆ పుస్తకం కన్న మంచిది ఒకటి చెయ్యాలె, చేసి చూపియ్యాలె అనే పట్టుదల పట్టింది. గందుకే కరెంటాఫీసు పని వచ్చిందని వెంకటరామారావు అనంగనే "నేను చేస్త సార్" అని ఎగిరి గంతేసింది.

మెషిన్ అంటే మామూలు కంప్యూటరే. దానికి మూడు తెరలు: ఒకటి ఆపరేటర్ కాడ, ఒకటి ఇంజనీరు గదిల, ఒకటి బయట యార్డుల. కంప్యూటర్ పుస్తకంతోని ఊరికే వచ్చిన సీడీల కెళ్ళి, మెషిన్‌ను నడిపించే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించింది. దాని అడుగున ఉండే కర్నెల్‌కు తన సొంత ముక్క ఒకటి రాసి అతికించింది. కర్నెల్ అంటే అన్ని ప్రోగ్రాములకూ పెద్ద దిక్కు. ఎవ్వలకు ఏం గావాల్నన్నా దాన్నే అడగాలె. హాజిరా ముక్కల ఒక్కో లైనుకు ఒక్కో ఫైలు. ఏ తెర మీద ఎవరు ఎల్సీ తీసుకున్నా ఆ ఫైలు తెరుచుకుంటది, కర్నెల్ లెక్కల ఒకటి పెరుగుతది. చీటీ తిరిగిస్తే ఫైలు మూసుకుంటది, ఒకటి తగ్గుతది. లెక్క సున్నా అయితే ఇగ ఆ ఫైలు ఎవ్వలకీ అక్కర లేదని కర్నెల్ దాన్ని తుడిచేసి, ఆ జాగ వేరే పనికి ఇచ్చేస్తది, తెర మీద పచ్చ లైటు వెలుగుతది. పచ్చ అంటే లైను మీద మనిషి లేడు, స్విచ్ వెయ్యొచ్చు.

దుకాణంలనే పది రోజులు పరీక్ష పెట్టింది. బంగారం లెక్క నడిచింది. పదకొండో రోజు, పొద్దుగాల పదకొండు గంటలకు, యార్డు తెర మీద ఎల్సీ తెరిచే ఉన్నది, హాజిరా కండ్ల ముందట ఆపరేటర్ తెర మీద పచ్చ లైటు వెలిగింది.

వెంటనే రెండు తెరలూ మల్ల చూసింది. పచ్చనే. లైను మీద మనిషి ఉండంగ లేడంటున్నది.

"చూడమ్మాయ్," అన్నడు వెంకటరామారావు. కోస్తా నుంచి వచ్చి సత్తుపల్లిల స్థిరపడిన రైతు కుటుంబం ఆయనది. మనిషి మంచోడే గాని తొందర ఎక్కువ. "పదకొండు రోజుల్లో ఒక్కసారి కదా. రోజూ పొద్దున్నే మెషిన్ ఆపి మళ్ళీ వెయ్యమని చెబుదాం, సరిపోతుంది. శుక్రవారం పెద్దాయన వస్తున్నారు. కొబ్బరికాయ, పూలదండ కూడా చెప్పేశాను."

"సార్, మెషిన్ చచ్చిపోతే నాకు భయం లేదు. చచ్చిపోతే అందరికీ తెలుస్తది, పుస్తకం తీసుకుంటరు. ఇది బతికుండి అబద్ధం చెప్పింది."

"మరి ఎందుకు చెప్పిందో కనుక్కో."

"కనుక్కుంటనే ఉన్న గద!" అని అరిచినంత పని చేసింది. తర్వాత సిగ్గుపడి, కాయితాలు తీసుకొని వరండాలకు పోయింది.

సోమవారం, మంగళవారం తిరుగుడే తిరుగుడు. ప్రోగ్రాంల లెక్క పెంచే జాగలు ఏడు, తగ్గించే జాగలు ఏడు. పెన్నుతోని గీతలు కొట్టుకుంట నాలుగుసార్లు చూసింది. పెంచిన ప్రతి జాగకు తగ్గించే జాగ ఉన్నది. ఎక్కువ లేదు, తక్కువ లేదు. మరి సున్నా ఎట్లయింది? ఎవడో లెక్కల లేకుండనే ఫైలు పట్టుకొని ఉన్నడన్న మాట. ఎవడు? ఎక్కడి నుంచి చొరబడ్డడు? అన్నం సహించలే. మలికా పెట్టిన పళ్ళెం ఈగలు ముసిరేదాక గట్లనే ఉండిపోయింది. కండ్లు మూసుకుంటే బద్యా అంగీ ఖాళీ చెయ్యే కనబడుతున్నది. శుక్రవారం తర్వాత ఆ మెషిన్ చూసి ఎవడో స్విచ్ వేస్తడు. ఇంకో బద్యా పోలు మీద ఉంటడు. ఈసారి తప్పు ఎవరిది? తనదే గద!

బుధవారం మధ్యాన్నం, జోహర్ నమాజ్ అయినంక, మహబూబ్ అలీ దర్వాజ కాడ మంచం మీద కూసొని పాత టేబుల్ ఫ్యాను విప్పుకుంటున్నడు. హాజిరా ఆయన ముందట అటు ఇటు నడుస్తున్నది.

"జెర కూసో బేటీ. నాకు తల తిరుగుతున్నది," అన్నడు.

"కూసోలేను అబ్బా."

"ఏమైందో చెప్పు మరి. నాకు కంప్యూటర్ తెల్వదు గాని, ఎల్సీ తెల్సు."

చెప్పింది. మొదలు మొదలు విసుక్కుంటనే చెప్పింది, ఈయనకేం అర్థమైతదిలే అని. ఫైలు, లెక్క, సున్నా, పచ్చ లైటు. చెప్పుకుంట చెప్పుకుంట కాయితం మంచం మీద పరిచింది. మహబూబ్ అలీ కండ్లద్దాలు పెట్టుకున్నడు.

"పెంచేది సరిగనే పెంచుతున్నది. తగ్గించేది సరిగనే తగ్గిస్తున్నది. నాలుగుసార్లు చూసిన, తప్పు లేదు. అయినా తప్పయితున్నది."

ఆయన ఆ కాయితం దిక్కు చూసిండు. అండ్ల ఒక్క ముక్క గూడ ఆయనకు అర్థం గాదు. అయినా అడిగిండు: "ఒకడు వచ్చి ఎల్సీ అడిగిండు అనుకో. ఎప్పుడు రాస్తది? అడగంగనేనా, అటెన్కనా?"

"అడగంగనే అబ్బా. ముందు ఆ లైను ఫైలు యాడున్నదో వెతికి చేతుల పట్టుకుంటది. తర్వాత ఈ కొత్త మనిషి వివరం పెట్టనీకి మెషిన్ మెమరీల జెర జాగ తీసుకుంటది. తర్వాత లెక్కల ఒకటి వేస్తది."

"జాగ దొరకకపోతే?"

"దొరికేదాక పడుకుంటది. కునుకు, గంతే. సెకనుల వందో వంతు. మెషిన్ల అందరూ ఒక్కసారి పని మీద పడితేనే గట్లయితది, ఎప్పుడో ఒకసారి."

"పడుకున్నప్పుడు," అన్నడు మహబూబ్ అలీ మెల్లగ, "ఫైలు దాని చేతుల ఉన్నది. లెక్కల లేదు."

హాజిరా నడుచుడు ఆపింది.

"అదే టైముకు ఇంకోడు, మొదటోడు, వచ్చి తన చీటీ తిరిగిచ్చిండు అనుకో. లెక్క ఎంత?"

"సున్నా," అన్నది హాజిరా. "సున్నా అయితది అబ్బా. ఫైలు తుడిచేస్తది. పడుకున్నది లేచి... లేచి లేని ఫైలు మీద చెయ్యేస్తది. అవ్. అదే. అదే అబ్బా! నువ్వెట్ల కనిపెట్టినవ్?"

ఆమె ఎగిరి దుంకబోయింది. నాయిన మొఖం చూసి ఆగిపోయింది. ఆయన చేతుల కెళ్ళి ఫ్యాను స్క్రూ కింద పడి గడప దాక దొర్లింది.

"నేను కనిపెట్టలే," అన్నడు. "నేనే చేసిన."

"ఏం చేసినవ్?"

"ఆ రోజు వాన. బద్యా సైకిలు మీద వచ్చిండు, నిలువునా తడిసి. దర్వాజ కాడనే నిలబడి, 'సాబ్, అదే లైను మీద వాగు కాడి పోలుకు కొమ్మ పడ్డది, నేను ఎక్కుత, నన్ను గూడ రాసుకో' అన్నడు. నేను తల ఊపిన. పుస్తకం ముందటనే ఉన్నది, పెన్ను చేతులనే ఉన్నది. ఫోను మోగింది. ఎవరిదో రైసుమిల్లు ఆగిందట, కరెంటు ఎప్పుడిస్తరని పెద్దాఫీసు నుంచి తిట్లు. పది పదిహేను నిమిషాలు నిలబెట్టి తిట్టిన్రు. ఫోను పెట్టేసరికి చెంచురామయ్య ఎదురుగ చీటీ పట్టుకొని నిలబడ్డడు. పుస్తకం చూసిన. ఒక్కటే పేరు. ఆ ఒక్కటీ వాపస్ వచ్చింది. స్విచ్ వేసిన."

ఇంట్లకెళ్ళి మలికా వచ్చి దర్వాజ కాడ నిలబడ్డది. ఆమెకు గూడ ఇది కొత్తనే. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది.

"విచారణల?" అని అడిగింది హాజిరా.

"బద్యా చెప్పిండు, సాబుకు చెప్పిన అని. సాబు ఏమన్నడురా అంటే, తల ఊపిండు అన్నడు. నన్నడిగిన్రు." మహబూబ్ అలీ కండ్లద్దాలు తీసిండు. "నాకు తెల్వదన్న. పుస్తకంల లేదన్న. పుస్తకంల నిజంగనే లేదు గద. నువ్వు ఏడేండ్ల పిల్లవు. కొలువు పోతే ఎట్లరా అని... గంతే. గంతే బేటీ. పదిహేనేండ్లు వాడు తెచ్చిన చాయ్ తాగిన."

హాజిరాకు కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. ఏది ముందు పట్టుకోవాల్నో తెల్వలే. నాయినను గట్టిగ ఊపి 'ఎందుకు చెప్పలే' అని అడగాల్ననిపించింది, ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్వాల్ననిపించింది. రెండూ చెయ్యలే. కాయితం తీసుకొని చెప్పులేసుకొని దుకాణానికి పోయింది. ఇది మాత్రం నాకు నచ్చింది చూడుండ్రి: మనిషి ప్రాణం పోయే సందు ఒకటి తెరిచి ఉంటే, ముందు దాన్ని మూసి, కన్నీళ్ళ సంగతి అటెన్క చూసుకోవాలె.

పని చిన్నదే. ఫైలు చేతుల పట్టుకున్న క్షణంలనే లెక్కల ఒకటి వెయ్యాలె. ఆ రెంటి నడుమ ఏమీ ఉండొద్దు, కునుకు అసలే ఉండొద్దు. లెక్కల పడ్డంకనే జాగ అడుగుడు. జాగ దొరకకపోతే లెక్క వాపస్ తగ్గించి "ఎల్సీ లేదు పో" అని చెప్పుడు. ఐదు వరుసలు కిందివి మీదికి జరిపి, మూడు వరుసలు కొత్తగ రాసింది.

గురువారం పొద్దుగాల వెంకటరామారావును కుర్చీల కూసోబెట్టింది. ముందు పాతదే నడిపింది. మెషిన్ల జాగ మొత్తం మింగేసే ఉత్త ప్రోగ్రాం ఒకటి రాసి వదిలి, రెండు తెరల మీద ఎల్సీలు తీసుడు, ఇచ్చుడు ఆపకుండ చేయించింది. ఆరో నిమిషంల, ఎల్సీ తెరిచే ఉండంగ, పచ్చ లైటు వెలిగింది.

"అమ్మ బాబోయ్," అన్నడు వెంకటరామారావు. కుర్చీల కెళ్ళి లేచిండు. "ఇదేనా నువ్వు చూసింది? దీన్ని నేను కొబ్బరికాయ కొట్టించి వాళ్ళ నెత్తిన పెట్టబోయానా?"

తర్వాత కొత్తది నడిపింది. గంట, రెండు గంటలు, పొద్దుగూకేదాక. పచ్చ లైటు ఒక్కసారి గూడ తప్పు వెలగలే. జాగ లేనప్పుడల్ల "ఎల్సీ లేదు" అన్నదే గాని అబద్ధం చెప్పలే. హాజిరా ఆ రోజంతా నిలబడే ఉన్నది. "ఇప్పుడన్నా కూర్చో తల్లీ," అన్నడు వెంకటరామారావు. ఆమెకు కూసోబుద్ధి కాలే. మెషిన్ సంగతి తీరింది. ఇంటికాడి సంగతి తీరలే.

ఇంటికి పోయేసరికి మలికా ఒక్కతే గొణుక్కుంటున్నది. "ఇన్నేండ్లు చెప్పనిది ఇప్పుడు చెప్పుడెందుకు? పింఛన్ ఆపితే? ఊర్లె తలెత్తుకుంటమా?" మహబూబ్ అలీ మంచం మీద కూసొని ఉన్నడు. ఫ్యాను నిన్నటి సంది గట్లనే విప్పి ఉన్నది.

"నీ మెషిన్ల సందు మూసినవా?" అని అడిగిండు బిడ్డను.

"మూసిన అబ్బా."

"రేపు నేనొస్త," అన్నడు.

శుక్రవారం పెద్ద ఇంజనీరు వచ్చిండు. దండలు, కొబ్బరికాయ, చప్పట్లు, అన్నీ అయినయి. కొబ్బరికాయ బద్యానే తెచ్చి ఇచ్చిండు, ఎడమ చేత్తోని. హాజిరా అందరి ముందట నిలబడి, "మూడు నెలల దాక పుస్తకం గూడ రాయాలె సార్, రెండూ కలిస్తేనే స్విచ్ వెయ్యాలె," అన్నది. పెద్దాయన నొసలు ముడిచిండు. వెంకటరామారావు అడ్డం పడి, "మా అమ్మాయి చెప్పినట్టే చేద్దామండీ, నేను కళ్ళారా చూశాను," అన్నడు. ఆయన మీద హాజిరాకు మొదటిసారి నిజంగ గౌరవం కలిగింది.

జీపులు పోయినంక, వరండాల బద్యా గ్లాసులు ఏరుతున్నడు. తల నెరిసింది. ఇద్దరు కొడుకులు దమ్మపేట బడిల చదువుతున్నరు. మహబూబ్ అలీ పోయి ఆయన ముందట నిలబడ్డడు. హాజిరా నాయిన పక్కనే.

"బద్యా."

"సాబ్. చాయ్ తెస్తనుండు."

"చాయ్ వద్దు. ఆ రోజు నువ్వు రాసుకో అన్నవ్ గద, నేను ఇన్న."

బద్యా చేతుల గ్లాసులు గట్లనే ఉన్నయి.

"ఇన్న. ఇని తల ఊపిన. రాసే లోపట ఫోను మోగింది. రాయలే. విచారణల అబద్ధం చెప్పిన."

బద్యా గ్లాసులు మెట్టు మీద పెట్టిండు. కొడతడేమో, తిడతడేమో అనుకున్నది హాజిరా. కొట్టినా బాగుండు అనిపించింది.

"ఆ ఊపుడు నాకేనా సాబ్?" అన్నడు బద్యా.

"ఏంది?"

"అప్పుడే ఫోను మోగె. నీ చెయ్యి ఫోను మీదికి పోతున్నది, తల ఊగింది. విచారణల నువ్వు తెల్వదనంగనే నేననుకున్న, ఆ ఊపుడు ఫోనుకు గావచ్చు, నా మాట సాబుకు ఇనబడనే లేదు గావచ్చు అని. నేనే లోపలికొచ్చి గట్టిగ చెప్పాల్సింది, తడి కాళ్ళతోని ఎందుకని దర్వాజ కాడనే నిలబడ్డ. పదిహేడేండ్ల సంది నన్ను నేనే తిట్టుకుంటున్న సాబ్. నా ఆడది గూడ గదే అంటది, ఎందుకెక్కినవ్, చీటీ లేకుండ ఎందుకెక్కినవ్ అని. మొన్న పెద్దోడు గూడ అడిగిండు. నా తప్పే బిడ్డా అని చెప్పిన."

మహబూబ్ అలీ మెట్టు మీద కూలబడ్డడు. బద్యా చెయ్యి పోవుడు ఒక్కటే తన తప్పు అనుకున్నడు ఇన్నేండ్లు. దాని మీద ఇంత బరువు గూడ తనే పెట్టిండని ఆయనకు తెల్వలే.

"నీకే బద్యా," అన్నడు. "ఆ ఊపుడు నీకే. ఫోనుకు గాదు. అల్లా సాక్షిగ నీకే."

బద్యా ఆయన పక్కనే మెట్టు మీద కూసున్నడు. పదిహేడేండ్లల్ల ఆయన పక్కన కూసునుడు అదే మొదటిసారి. అంగీ ఖాళీ చేతితోని కండ్లు తుడుచుకున్నడు.

"మరి రాసియ్యి సాబ్," అన్నడు. "ఒక్క కాయితం. నా కొడుకులకు చూపిస్త. నేనడిగిన అని, నువ్వు ఊపినవ్ అని."

"పింఛన్..." అని హాజిరా నోటి దాక వచ్చింది. అమ్మ మాట. మింగేసింది.

మహబూబ్ అలీ జేబుల కెళ్ళి చిన్న పుస్తకం తీసిండు. అది చాలదనుకున్నడేమో, వాపస్ పెట్టిండు. హాజిరా తన చేతుల ప్రింటరు కాయితం చింపి, వెనక తెల్ల దిక్కు తిప్పి నాయిన మోకాళ్ళ మీద పరిచింది. గాలికి లేస్తుంటే ఒక కొస ఆమె పట్టుకున్నది, ఇంకో కొస బద్యా ఎడమ చేత్తోని అదిమి పట్టిండు. మహబూబ్ అలీ రాసుడు మొదలుపెట్టిండు, తేదీ, టైము, లైను పేరు, పోలు గుర్తు.

లోపల ఫోను మోగింది. కొత్త ఆపరేటర్ యాడికి పోయిండో, ఎత్తుతలేడు. మోగుతనే ఉన్నది. మహబూబ్ అలీ లేచి బయటికి పోలే. పెన్ను గూడ ఆపలే. 'బద్యా నన్ను అడిగిండు, నేను సరే అన్న, రాయలే' అని చివరి దాక రాసి, కింద సంతకం పెట్టి, తేదీ ఇంకోసారి వేసి, కాయితం మడిచి బద్యా చేతుల పెట్టిండు.

అప్పుడు బద్యా దిక్కు చూసి తల ఊపిండు.